సాంబ్రాణి పొగ పట్టిన డయలు

ఎనభైల మొదట్లో, పుదుచ్చేరిలో ఒక బట్టల అంగడి అరుగు మీద మా ఆయన వాచీలు బాగుచేసేవారు. అద్దాల పెట్టె, దాని వెనక ఒక స్టూలు, అంతే దుకాణం. ఒక వానాకాలం లాస్‌పేట దారిలో సైకిలు మీంచి పడి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక వేళ్ళు వంగాయి గానీ, సన్న పట్టకారు పట్టుకుంటే వణికేవి. వచ్చినవాళ్ళు ఆ వణుకు చూసి, "ఇంకోనాడు తెస్తాంలే" అని వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళను తప్పు పట్టలేం.

ఆయనకు ఒక పాత వాడుకదారు ఉండేవారు. ఫ్రెంచి పటాళంలో పనిచేసి పింఛను తీసుకుంటున్న తాత, మాలాగే తరాలుగా ఇక్కడున్న తెలుగువాడు. తాతకు ఒక ఖరీదైన స్విస్ వాచీ ఉండేది. పలచటి ఒళ్ళు, తెల్లటి డయలు, అంకెల బదులు పన్నెండు సన్నటి నల్లగీతలు. ఫ్రెంచివాళ్ళ జాతీయ పండగ జూలై పద్నాలుగున పింఛనుదార్లంతా పతకాలు పెట్టుకుని నడుస్తారు కదా, ఏటా దానికి ముందు ఆ వాచీ శుభ్రం చేయించుకునేవారు. ఈ ఏడు ఇస్తారా, ఇవ్వరా? మా ఆయనకు అదే పట్టుకుంది. ఇస్తే చెయ్యి తిరిగి వచ్చినట్టు. ఇవ్వకపోతే ఆ స్టూలు మీద ఇక కూర్చోనన్నారు.

అందుకే అలాంటి వాచీనే తన చేత్తో కట్టి తాతకు చూపిద్దామనుకున్నారు. ఏళ్ళ తరబడి విప్పి బిగించింది కాబట్టి కొలతలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. లోపలి మిషను ఒక పాత కీ వాచీది. కేసు తట్టాంచావడి ఫ్యాక్టరీల పేటలో లేత్ మీద పనిచేసే స్నేహితుడు స్టీలుతో తీసిచ్చాడు; మొదటిది అప్పడాల పీట అంత మందంగా వచ్చిందని మళ్ళీ తీయించారు. డయలు నా వంతు. నేను బడికి పోలేదు. అక్షరాలు మా నాన్న ఇంట్లోనే దిద్దించాడు. గీత మాత్రం వాకిట్లో ముగ్గు నేర్పింది. ఉడత వెంట్రుకల కుంచెతో పన్నెండు గీతలూ గీశాను.

"పన్నెండు కింద కంపెనీ పేరు ఉంటాది కదా, అదీ రాయాల్నా?" అని అడిగాను.

"వద్దుమే. అది వాళ్ళ సొత్తు. చూసి నేర్చుకున్నాం, అంతవరకే. పేరు కూడా రాస్తే దొంగతనం."

"అట్లయితే స్వామి పేరు రాస్తా."

"స్వామికి టైముతో ఏం పని? ఖాళీగా వదులు."

వదిలేశాను. పైన పలచగా వార్నిష్ పూసి, గురువారం ఆరబెట్టాను. ఇంట్లో దుమ్ము పడని చోటు దేవుడి గూడొక్కటే, అందులో పెట్టాను. తెల్లారితే శుక్రవారం. తలంటుకుని, ఎప్పటిలాగే ఇల్లంతా సాంబ్రాణి పొగ తిప్పి, చివరికి గూటి దగ్గరకు వచ్చాను. ఆయన చెయ్యి కుదురుకోవాలని మొక్కుకుంటూ డయలుకు కూడా మూడుసార్లు దగ్గరగా పట్టాను. పొగా, బూడిదా తడి వార్నిష్ మీద కూర్చున్నాయి. సాయంత్రానికి తెలుపు కాస్తా మీగడ రంగుకు తిరిగి, దాని నిండా గోధుమ చుక్కలు తేలాయి.

మా ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చూశారు. "ఏందిమే ఇది?"

చెప్పాను. భూతద్దం తీసి పక్కన పెట్టారు. తరవాత, "దూరంగా నిలబడి మొక్కుకుంటే స్వామికి వినపడదా?" అన్నారు.

వాచీ చూద్దురు రమ్మంటే తాత ఆదివారం వస్తానన్నారు. మళ్ళీ పూసి ఆరబెట్టడానికి వ్యవధి లేదు. శనివారం ఆ డయలే బిగించారు. నిమిషాల ముల్లు మూడుసార్లు వేళ్ళలోంచి జారింది, నాలుగోసారి కూర్చుంది.

ఆదివారం నేను అన్నం క్యారియరు తీసుకుపోయేసరికి తాత అక్కడే ఉన్నారు, మా వాచీ ఆయన అరచేతిలో ఉంది.

"ఏందిరా, అమ్మవారు పోసిన మొగం మాదిరి ఉంది!"

"మా ఇంటామె సాంబ్రాణి పట్టింది తాతా."

"వాచీకా? గుమ్మడికాయ కూడా కొట్టకపోయినారా మరి!" అని నా వైపు చూశారు. నేను క్యారియరు మూత సర్దుకుంటూ నిలబడ్డాను. తాత వాచీని చెవి దగ్గర పెట్టుకున్నారు, నవ్వు ఆపారు. "విప్పు. నా కండ్ల ముందర విప్పు."

మా ఆయన వెనక మూత తీసి పట్టకారు అందుకున్నారు. తాత వాచీని చూడలేదు, చేతినే చూస్తున్నారు.

"వణుకుతా ఉందే."

"ఇనుము తగిలేదాకా వణుకుతాది తాతా. తగిలినాక నిలబడతాది. చూడు."

చూశారు. నిలబడింది. తాత తన మణికట్టు నుంచి స్విస్ వాచీ ఊడదీసి పెట్టె మీద పెట్టారు. "పదైదో తేదీ వస్తా, నిదానంగా చెయ్యి. అందాకా నేను బోడి చేత్తో నడవాల్నా? ఆ అమ్మవారి మొగందాన్ని ఇట్లా ఇయ్యి."

పదిహేనున వచ్చారు. "నాలుగు నిమిషాలు వెనకబడిందిరా. అడిగినోళ్ళకంతా తప్పు టైము చెప్పినా, పతకాలు పెట్టుకోని మరీ!"

మా ఆయన దాన్ని అందుకుని మూత తీశారు. ఆ నాలుగు నిమిషాలకు నేను ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. నడక సరిచేసే మీటను ఆయన పట్టకారుతో వెంట్రుకవాసి జరుపుతుంటే, ఎవరో తమ వాచీ బాగుచేయించుకుందామని వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. వెలుతురుకు అడ్డంగా ఉన్నారని తాత ఆ వచ్చినాయన్ని పక్కకు జరగమన్నారు. జరిగారు గానీ, వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోలేదు.