కెల్లర్ వీధి గోడ

ఓరీలియా గాస్కిన్ పాతికేళ్ళు బళ్ళో చరిత్ర చెప్పింది. రిటైరయ్యాక, అలబామాలోని ఆ మిల్లు ఊళ్ళో తమ నల్లవాళ్ళ పేట కథంతా రాయడానికి పూనుకుంది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ మాటలు టేపులకెక్కించింది. తమవాళ్ళు అటు రాకుండా తెల్లవాళ్ళు కెల్లర్ వీధికి అడ్డంగా కట్టిన ఎనిమిదడుగుల గోడ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు కూలిందో అలాగే తేల్చింది.

ఆ గోడే ఆమెను కోర్టుకి రప్పించింది. లెరోన్ టిబ్స్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా జైల్లో ఉన్నాడు. అవతలి పక్క కొట్టు యజమానిని కాల్చి, కెల్లర్ వీధి మీదుగా ఆరు నిమిషాల్లో ఇంటికి పారిపోయాడని అభియోగం. మధ్యలో గోడ ఉందిగా అని అప్పట్లో అడిగిన నాథుడు లేడు. జూరీలో అందరూ తెల్లవాళ్ళే. హత్యనాటికి గోడ ఉందని ఓరీలియా టేపుల్లో తేలడంతో ఇప్పుడు కేసు మళ్ళీ విచారణకొచ్చింది, లెరోన్ తరఫు సాక్షి ఆమే.

సాక్ష్యానికి పిలిచే ముందు తమ్ముడు కార్నెల్ వరండాలో చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఆ గోడ కన్నం మాట ఎత్తకు. చిన్నప్పుడు నేను కొట్టానని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"వాళ్ళే అడిగితేనో?"

"లేదను! అవతల ఒక మనిషి బతుకు జైల్లో మగ్గిపోతుంటే, నీకు నీ చరిత్రే ముఖ్యమా?"

ప్రాసిక్యూటర్ అడగనే అడిగాడు. "గోడకి ఎక్కడా సందన్నదే లేదంటారా, మేడమ్?"

ముందు వరసలో లెరోన్ చెల్లెలు ఓలా కన్నార్పకుండా ఓరీలియానే చూస్తోంది.

"ఉంది" అంది ఓరీలియా. "మా తమ్ముడే కొట్టాడు."

ఓలా తల దించేసుకుంది.

"అయితే లెరోన్ అందులోంచే దూరిపోయి ఉంటాడు!" అన్నాడు ప్రాసిక్యూటర్.

"పన్నెండేళ్ళప్పుడు నేనే అందులో ఇరుక్కుని భుజం చీరుకున్నాను. హత్య జరిగేనాటికి లెరోన్ ఆరడుగుల మనిషి."

"తరవాత ఎవరూ పెద్దది చెయ్యలేదని ఒట్టేసి చెప్పగలరా?"

"చెప్పలేను. నాకు తెలీదు."

కార్నెల్ లేచి విసవిసా బయటికి వెళ్ళిపోయాడు. తరవాత ఏడు వారాలు అక్క ఫోన్ చేసినా ఎత్తలేదు. ఓరీలియాకి అన్నం సయించలేదు, ఒక్క పేజీ రాయలేదు.

తీర్పు వచ్చింది. తన పక్షానికి చేటైనా నిజం దాచని మనిషి కనక గోడ విషయంలో ఈమె మాట నమ్ముతున్నానని జడ్జి రాశాడు. శిక్ష కొట్టేశాడు.

జైలు నుంచి వచ్చాక లెరోన్ తనను కెల్లర్ వీధికి తీసుకెళ్ళమని ఆమెను అడిగాడు. వరసగా కొత్త ఇళ్ళు.

"గోడ ఎక్కడుండేది టీచరమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఇక్కడో, ఆ పక్కింటి దగ్గరో. కార్నెల్‌ని అడగాలి."