మా బుడ్డమ్మ తొక్కిన పత్తి

బుడ్డమ్మా, నా బిడ్డా, ఇవాళ పక్కింటి వాళ్లు జనగామ మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ ట్రాలీలో పత్తి నింపుతుంటే ఆ వాసనకు నువ్వే గుర్తొచ్చావు.

ఇది చదివే నా ఈడు అక్కలకు తెలుసు కదా, పిల్లలు ఎక్కి తొక్కితేనే పత్తి అణుగుతుంది. మా బుడ్డమ్మ ట్రాలీ ఎక్కిన ఏడు మూడో తరగతి. లావుగా ఉందని బడిలో ఏడిపిస్తే ఆటలు మానేసింది, అన్నం కూడా సగమే తినేది. మా పత్తి నింపే రోజు ట్రాలీ దగ్గర మా అత్త దాన్ని పిలిచింది.

"బుడ్డీ, గీ బక్క పోరగాళ్లు ఎంత దుంకినా పత్తి మళ్ల లేస్తున్నది. జర నువ్వెక్కు."

"నేను లావున్న కద బాపమ్మా."

"గందుకే పిలుస్తున్ననే."

ఎక్కింది. అడుగు వేసిన చోటల్లా పత్తి దిగుతుంటే దాని మొహం వెలిగిపోయింది.

"అమ్మా, గా మూలకు గూడ నన్నే తొక్కమంటున్నరు" అని పైనుంచి కేకేసింది.

దిగాక జుట్టు నిండా దూదితోనే కూర్చుని, పచ్చిపులుసు పోసుకుని మారు అన్నం అడిగింది.

కాలేజీలో చేరిన ఏడాది జ్వరమొచ్చి నా బిడ్డ పోయింది. ఇవాళ పక్కింటి ట్రాలీలో పిల్లలు దూకుతూనే ఉన్నారు, పత్తి మాత్రం అణగడం లేదు.

ఇది చదివిన వాళ్లు, లావని ఎవరేమన్నా, కడుపు నిండా తినండి.