మగ్గానికి పెట్టిన పసుపు

నగరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సు మునిరత్నమ్మ నోటికి భయపడని రోగి లేడు. గాయంలో కాఫీపొడి కనబడినా, సున్నం కనబడినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముందు తిట్టి, తర్వాతే దూది అందుకుంటుంది. నోరు ఎంత అరిచినా వేళ్లు మాత్రం పసిబిడ్డకు నలుగు పెడుతున్నంత మెత్తగా కదులుతూనే ఉంటాయి.

ఆ రోజు మరమగ్గం నడిపే కుప్పయ్య వచ్చి కాలు చాపాడు. మగ్గంలో దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి పిక్కకు తగిలిందట. గాయం చీము పట్టి, నల్లబడిన పసుపు ముద్దతో నిండి ఉంది.

"ఇదేం పసుపప్పా, నూనె కంపు కొడతా ఉండాది?"

"ఆయుధపూజలో మగ్గానికి పెట్టిన పసుపమ్మా. కొట్టింది అదే కదా, దాని పసుపే మాన్పాలని గీకి పెట్టినాను. పసుపుతో గాయాలు మానతాయని టీవీలో గూడా సెప్పినారు."

మునిరత్నమ్మకు ఒళ్లు మండింది.

"వాళ్లు సెప్పింది పసుపులోంచి తీసిన సారం గురించప్పా! గాయంలో క్రిములతో కొట్లాడే కణాలు మరీ రెచ్చిపోతే పుండు మానదు. వాటిని ఆ సారం అదుపులో పెడతాదేమోనని శుద్ధి చేసి, కొలిచి సూస్తా ఉండారు. నువ్వు మిషను ఆయిలు, దుమ్ము కలిపి కూరినావు!"

ఆ మడ్డంతా తీసి చెత్తబుట్టలో వేయబోతుంటే కుప్పయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"బుట్టలో ఎయ్యొద్దమ్మా. పూజ పసుపు, పారే నీళ్లలో కలపాల."

ఎన్నడూ ఆగని మునిరత్నమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"ఇంకొన్నాళ్లు రాకుంటే నీ కాలే తీసి ఈ బుట్టలో ఏసుందురు. దాన్ని యాడ కలపాలో అది గూడా సెప్పు!"