హత్తా దాకా బండి మీద బతుకమ్మ

మా ఆవిడ సరిత విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు అల్ వర్సాన్‌లోని మా గదిలో బకెట్ చూపించి, "దీంట్లనే ఇడుద్దాం" అన్నాను. "బకెట్ల గౌరమ్మకు ఊపిరాడుతదా? పారే నీళ్లు గావాలె" అంది. ఇంకో వారంలో వీసా ఖలాస్, ఊరికి వెళ్లిపోతుంది. వచ్చాక నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మ్యాప్‌లో వెతికితే ఒమన్ సరిహద్దున హత్తా దగ్గర నీలిగీతలా ఒక వాగు కనిపించింది. బైకు తీశాను.

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. పాత హైవేకి మధ్యలో ఒమన్ నేల తగులుతుంది కాబట్టి మలీహా మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. పెట్రోలుకు ముప్పై దిర్హాములయ్యాయి. బంతి, చామంతులతో పేర్చిన బతుకమ్మను కేకు డబ్బాలో పెట్టి సరిత ఒళ్లో పట్టుకుంది. "నన్ను గాదు, గామెను జూసి నడుపు" అని దారి పొడవునా ఒకటే పోరు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా అంత భద్రంగా పట్టుకోలేదు.

తీరా వెళ్తే వాగులో చుక్క నీరు లేదు. రాళ్లు, ముళ్లపొదలు, ఒక మేక. వాన పడ్డప్పుడే అది వాగు, మిగతా కాలమంతా పేరుకే. పైన డ్యామ్ ఉంది గానీ అందులో పూలు వేస్తే చెత్త వేసినట్టే లెక్క. పొద్దు వాలుతోంది.

"నీళ్లున్నయంటివి గద! గడప దాటిన బతుకమ్మను మల్ల ఇంటికెట్ల తీస్కపోను?" సరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

పక్కనున్న ఖర్జూర తోటలోంచి పెషావర్ వైపు పెద్దాయన ఒకరు వచ్చారు. ఆ తోట చూసుకునేది ఆయనే. "క్యా హువా బేటీ?" అన్నారు. నా వచ్చీరాని హిందీలో చెప్పాను. డబ్బాలోకి తొంగి చూసి, దారం, ప్లాస్టిక్ లేవని తేల్చుకుని, "యల్లా, ఆవో" అంటూ తోటలోకి తీసుకెళ్లారు. అక్కడ ఫలజ్ పారుతోంది. కొండల నుంచి చెట్లకు నీళ్లు తెచ్చే పాతకాలపు సన్న కాలువ అది.

మా ఊళ్లో బతుకమ్మ ఆడవాళ్ల ఆట. మగవాళ్లం దూరంగా బండ్ల మీద కూర్చుని కబుర్లాడతాం. ఇక్కడ సరిత పాట ఎత్తుకుంటే అందుకునే గొంతే లేదు. సిగ్గు చంపుకుని నేనే "ఉయ్యాలో" అన్నాను. చప్పట్లు తాళం తప్పుతుంటే ఆ పెషావర్ చాచా కూడా కలిశారు. బతుకమ్మ ఊగుతూ వెళ్లి చెట్ల నీడలో మలుపు తిరిగింది. సరిత వెంట తెచ్చిన రొట్టె, బెల్లం కలిపిన మలీదా ముద్ద ఇస్తే ఆయన నోట్లో వేసుకుని, "మేరీ అమ్మీ భీ బనాతీ థీ" అన్నారు. వాళ్లమ్మా చేసేదని వినగానే సరిత మిగిలినదంతా ఆయన చేతుల్లో పెట్టేసింది.

తిరుగుదారిలో ఒళ్లో డబ్బా లేదు. ఆ రెండు చేతులూ నన్ను పట్టుకున్నాయి. "వచ్చేడు మా వాడకట్టుకు రా, నువ్వే అందుకోవాలె" అంది వెనక నుంచి. వచ్చే వారం వెనక సీటు ఖాళీ అని గుర్తొచ్చి బండి కాస్త నెమ్మది చేశాను. మీరూ పారే నీళ్లు చూడాలని హత్తా వెళ్తే మ్యాప్‌లో నీలిగీతను నమ్మకండి. ఖర్జూర చెట్లు పచ్చగా ఉన్న చోట ఆగి, అక్కడి మనిషిని అడగండి.