మెత్తని రింగుల మద్దిలేటన్న

నిన్న పొద్దున ఆత్మకూరు నుంచి హుసేనమ్మ ఫోన్ చేసింది.

"మద్దిలేటి సార్ పోయినాడన్నా."

ఏ మద్దిలేటి అని అడిగినా. మాకు తెలిసిన మద్దిలేటి సార్ ఒక్కడే. అయినా అడిగినా.

పోయిన వారమే నంద్యాల బస్టాండులో ఆయన, నేను టీ తాగినాం. ఫోన్ పెట్టేసి ఆళ్లగడ్డలో ఇంకొకరిని అడిగి కన్ఫర్మ్ చేసుకున్నా. గుండెపోటు. నిద్రలోనే.

తెలియనివాళ్ల కోసం చెప్తాండా. మద్దిలేటన్న ఆళ్లగడ్డలో మా వీధి మనిషి, స్కూల్లో పీఈటీ. తొంభైలలో, రెండు వేల తర్వాత కూడా కొన్నేండ్లు, ఆడపిల్లలకు టెన్నికాయిట్ నేర్పినాడు. మా దిక్కు రింగాట అంటారు. నెట్టుకు అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగు విసురుకోవాల. ఒంటిచేత్తోనే పట్టుకోవాల.

ఆయన గురించి రాయాలంటే రింగుల గురించి రాయాల.

కొత్త రింగు గట్టిగా, జారుడుగా ఉంటాది. చలికాలం పొద్దున అది వేళ్లకు తగిలిందంటే పిల్ల రెండోసారి చెయ్యి చాపదు. అందుకని అన్న నంద్యాలలో స్పోర్ట్స్ అంగడికి పోయి, ఉన్న రింగులన్నీ ముందేసుకుని, ఒక్కోదాన్ని బొటనవేలితో చుట్టూ నొక్కి చూసేవాడు. అన్ని చోట్లా ఒకే తీరుగా లొంగాల.

అంగడాయన విసుక్కునేవాడు. "ఏందప్పా, మామిడికాయలు ఏరుతాండావా?"

"కాయైతే కోసి చూపిస్తావు. ఇది కోస్తావా?" అనేవాడు అన్న.

కొన్న రింగు నేరుగా ఆటకు పోదు. ఒక పిల్లకిచ్చి ఇంటికి పంపేవాడు. చదువుకుంటా దాన్ని అరికాలి కింద దొర్లించాల. సాయంత్రం స్కూలు నాపరాయి గోడకు కొట్టి పట్టుకోవాల. పైన నునుపు పోయి చేతికి అంటుకునేదాకా ఇదే పని. నెలలు పట్టేది.

ఎవరు మెత్తబరిచిన రింగు వాళ్లదే. బలంగా విసిరే పిల్లకు కాస్త గట్టిది ఇచ్చేవాడు. భయపడి చెయ్యి వెనక్కి తీసుకునే పిల్లకు మెత్తది.

"అందరికీ మెత్తదే ఇయ్యొచ్చు కదన్నా?" అని ఒకసారి అడిగినా.

"మరీ మెత్తనైతే గాల్లో ఊగుతాది. ఊగితే ఫౌల్."

ఇంత తెలిసిన మనిషే ఒక ఏడాది తప్పు చేసినాడు.

తొంభైల చివర. నంద్యాలలో జిల్లా టీమ్ సెలెక్షన్. అన్న దగ్గర ఆట నేర్చుకుంటాండే హుసేనమ్మ అప్పుడు తొమ్మిదో తరగతి. జిల్లా టీమ్‌లో ఆడాలని ఆమెకు పట్టుదల. నేను అప్పుడే ఆళ్లగడ్డ నుంచి ఒక పేపర్‌కు వార్తలు పంపడం మొదలుపెట్టినా. వాళ్లతో పాటు బస్సులో పోయినా.

దానికి కొద్దిరోజుల ముందు ఆమె రింగు చీలిపోయింది. కొత్తదాన్ని మెత్తబరిచే టైం లేదు.

మద్దిలేటన్న వాళ్లది పత్తి సేద్యం ఇల్లు. మందు కొట్టే పంపులో రబ్బరు వాషర్ గట్టిపడితే, మెత్తబడేదానికి కిరసనాయిల్లో నానేస్తారు. కొత్త రింగును కూడా అన్న అట్లే నానేసినాడు. సబ్బుతో కడిగి ఆమెకిచ్చినాడు. ఎవరికీ చెప్పలేదు.

సెలెక్షన్‌లో ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఎవరి రింగుతో వాళ్లను విసరమన్నారు. హుసేనమ్మ రింగు చేతికి బాగానే అంటుకుంది. కానీ రబ్బరు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉబ్బింది. విసిరిన ప్రతిసారీ గాల్లో ఊగింది.

ఎదుటి పిల్ల పట్టుకోలేక వదిలేస్తాంది. అంపైర్‌కు కోపం వచ్చింది.

"కావాలనే ఊపుతాండావ్. ఇంకోసారి ఊపితే పేరు కొట్టేస్తా. మళ్లా ఏ ఏడూ నిన్ను ఈ గ్రౌండ్‌లోకి రానీయను."

"లేద్సార్, నేను ఊపలేద్సార్" అంటాంది హుసేనమ్మ.

అన్న కోర్టులోకి పోయినాడు.

"పాప తప్పేం లేదు సార్. ఆ రింగు కిరసనాయిల్లో నానేసింది నేను. ఆమెకు తెలీదు."

అంపైర్ రింగు తీసుకుని వాసన చూసినాడు. వేరే స్కూలు పీఈటీ ఒకాయన, "స్టవ్వు ముట్టించేదానికి తెచ్చినావా మద్దిలేటీ?" అన్నాడు. గ్రౌండంతా నవ్వింది.

అన్నను గేటు బయటికి పంపినారు. ఆళ్లగడ్డ పిల్లలను ఆ ఏడు సెలెక్షన్ నుంచి తీసేసినారు. హుసేనమ్మ పేరు మాత్రం ఎప్పటికీ లేకుండా కొట్టేయలేదు, మరుసటి ఏడు రావచ్చన్నారు.

బస్టాండులో అన్నను అడిగినా. "రాయాల్నా, వద్దా?"

"వార్తేనా ఇది?"

"వార్తేన్నా."

"అట్లయితే రాయి. నా పేరు, స్కూలు పేరు రాయి. పాప పేరు రాయాకు."

అట్లే రాసినా. హుసేనమ్మ బస్సులో ముందు సీట్లో కూర్చుంది. ఆళ్లగడ్డలో అన్నకంటే ముందే దిగి ఇంటికి పోయింది.

వార్త వచ్చినాక అన్నకు పైనుంచి మెమో వచ్చింది. రిటైరయ్యేదాకా ఆయన 'కిరసనాయిల్ సార్'. వెనక నుంచి ఎవరన్నా అట్ల అరిస్తే తిరిగి చూసి "ఏందప్పా?" అని పలికేవాడు.

మరుసటి ఏడు అదే గ్రౌండ్. హుసేనమ్మ వానాకాలమంతా కూర్చుని సొంతంగా మెత్తబరుచుకున్న రింగు తెచ్చుకుంది. అన్న గేటు దగ్గరే నిలబడినాడు, లోపలికి రాలేదు.

ఈసారి సెలెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి వేరే ఆయన, నా వార్త చదివినోడు. నవ్వినాడు. "ఆళ్లగడ్డా? కిరసనాయిల్ మద్దిలేటి పిల్లలా మీరు?" రింగు తీసుకుని వాసన కూడా చూసినాడు.

ఆమె విసిరింది. రింగు నెట్టు మీద అడ్డంగా, నిలకడగా పోయింది. మళ్లా విసరమన్నాడు. మళ్లా అట్లే పోయింది.

ఆయన నవ్వడం ఆపి, "నీ పేరేంది పాపా?" అన్నాడు.

పేపర్లో రాయని ఆ పేరు ఆయన వినడం అదే మొదటిసారి.

హుసేనమ్మ జిల్లాకు ఆడింది. ఇప్పుడు ఆత్మకూరులో పీఈటీ. నిన్న సాయంత్రం ఆళ్లగడ్డకు వచ్చి, అంతా అయ్యేదాకా ఉండి పోయింది.

పోయిరా మద్దిలేటన్నా. యాడున్నా నిమ్మళంగా ఉండు.