మా తోడికోడలు వేయించిన బాట

మా తోడికోడలు పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డలో మా పుట్టింట్లో ఉన్నాను. అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాను. మా ఆయన ఫోన్ చేసి "వదిన పోయింది, బయల్దేరు" అని మాత్రం అన్నాడు. గుండెలో కవాటం చెడిపోయిందని డాక్టర్లు చెప్పి చాలా కాలమైంది కాబట్టి ఎలా అని నేను అడగలేదు.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపు వచ్చింది. దాంతోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఆమె పోయేటప్పుడు మా అత్త చెయ్యి పట్టుకునే పోయి ఉంటుంది కదా అనుకున్నాను. పోయిన మనిషి మీద అసూయేమిటని మీరు అడగవచ్చు. ఒకే ఇంట్లో కోడళ్లుగా కలిసి బతికిన ఇన్నేళ్లలో ఆమె మీద నాకది లేని రోజు గుర్తులేదు. దాన్ని దాచిపెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు. అందుకే దాన్ని కూడా వెంటబెట్టుకునే రాస్తున్నాను.

ఆమె పెద్ద కోడలు. నేను చిన్న కోడల్ని. "అక్కా" అని పిలిచేదాన్ని. ఆళ్లగడ్డలోనే మా అత్తగారిల్లు కూడా, రెండు వైపులా పక్కిళ్ల గోడలు కలిసిపోయిన ఇల్లు. ముందు వీధి, వెనక దొడ్డి. ఇంటి చుట్టూ తిరగడం అనే మాటే ఆ ఇంట్లో లేదు. నంద్యాల జిల్లా అయ్యాక అన్నదమ్ములిద్దరూ ఆ ఊరి చివర కొత్త లేఅవుట్లో పక్కపక్కనే స్థలాలు కొని ఇళ్లు కట్టారు. అంతకుముందు ఏడాది దాకా అవి వరిమళ్లే. రాళ్లు పాతి, ఎర్రమట్టి తోలి, రోడ్లని పేరు పెట్టారు. వాస్తు ప్రకారం నాలుగు వైపులా జాగా వదిలారు. ఎండాకాలంలో ఆ జాగా బీటలు తీసేది. వాన పడితే నల్లరేగడి చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుని, కాలు పైకి వచ్చినా చెప్పు వచ్చేది కాదు.

నేను నా జాగాలో గడ్డి పరిపించాను, గులాబీలు పెట్టాను. అక్క ఏమీ పెట్టలేదు. ఆమె ఆలోచనంతా అత్త గురించే ఉండేది.

మా అత్తకు కంటి నరం ఎండిపోయి చూపు పోతూ వచ్చింది. ఆళ్లగడ్డలో ఉన్నప్పుడు ఆమె మధ్యాహ్నం దాకా ఇంట్లో దొరికేది కాదు. శిల్పాలు చెక్కేవాళ్ల వీధికి పోయి, రాళ్ల మధ్య కూర్చుని, వాళ్లను పేరు పేరునా పలకరించి వచ్చేది. అక్కడ వీధులన్నీ ఆమె కాళ్లకు తెలుసు. ఇక్కడ ఏదీ తెలియదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, పోయే ఆటోల చప్పుడు వినేది. ఉగాది నుంచి దసరా దాకా అక్క ఇంట్లో, దసరా నుంచి ఉగాది దాకా నా ఇంట్లో ఉండాలని అన్నదమ్ములు అనుకున్నారు.

మొదటి వానాకాలం ఆమె అక్క ఇంట్లో ఉంది. ఒకనాడు ఎవరూ చూడనప్పుడు ఇంటి పక్కకు నడవబోయి, బురదలో కాలు దిగబడి కూలబడిపోయింది. నేను కేక విని పరిగెత్తేసరికి అక్క అప్పటికే ఆమెను లేపి, బకెట్ నీళ్లతో కాళ్లు కడుగుతోంది. అత్తకు దెబ్బ ఏమీ తగల్లేదు. అయినా ఏడుస్తోంది.

"నన్ను చంటిపిల్లను చేసి కూచోబెట్టినారు కదమ్మే" అంటోంది.

ఆ వారంలోనే అక్క మేస్త్రీని పిలిపించింది. ఇంటి చుట్టూ గోడకు ఆనించి, మనిషి చేతులు ఆడించుకుంటూ పోయేంత వెడల్పున కాంక్రీటు బాట వేయమంది. నేను మా గోడ మీంచి చూసి నవ్వాను.

"ఏందక్కా, ఇంటికి వడ్డాణం పెట్టిస్తాండావా?"

"పెట్టనీ మే. దానికీ నగ ఉండాల కదా" అంది.

మేస్త్రీ నల్లమట్టి తీసేయించి, గ్రావెల్ నింపి దిమ్మిస చేయించాడు. కాంక్రీటు పోశాక అద్దంలా రుద్దబోతుంటే అక్క ఆపింది.

"నున్నగా వద్దప్పా. చీపురుతో గీతలు గీయి."

"గీతలు గీస్తే చూసేదానికి బాగుండదు మా" అన్నాడు మేస్త్రీ.

"చూసేదానికి కాదు వేయిస్తాండేది. కాళ్లకు నమ్మకం కావాల" అంది అక్క.

ఆరిన తర్వాత తనే ముందు చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, ఇల్లంతా చుట్టి వచ్చింది. నోట్లో ఎప్పుడూ ఉండే లవంగాన్ని బుగ్గన పెట్టుకుని, ఏదో రుచి చూస్తున్నట్టు కళ్లు సగం మూసుకుని నడిచింది. తర్వాత అత్తను పిలిచి, ఆమె చెయ్యి గోడకు ఆనించి వదిలేసింది. రెండడుగుల వెనక తను నడిచింది, ఎక్కడా పట్టుకోలేదు. మా అత్త మొదటి మూల తిరిగింది, రెండో మూల తిరిగింది. తిరిగి వాకిట్లోకి వచ్చేటప్పటికి ఆమె ముఖం ఆళ్లగడ్డలో ఉన్నప్పటి ముఖం.

"పట్టుకోవాల్సింది కదక్కా, పడితేనో?" అన్నాను.

"పట్టుకుంటే ఆమె నడక నాదైతాది మే."

ఆ మాట నాకు ఎందుకు తట్టలేదా అని ఆ రోజంతా కుళ్లుకున్నాను.

దసరాకు అత్త నా ఇంటికి రావాలి. ఆమె గది కడిగించాను, కొత్త చాప తెచ్చాను, ఆమెకిష్టమని పొద్దున్నే ఉగ్గాని చేశాను. వచ్చింది, తిన్నది, బాగుందంది. కొద్ది రోజులు మంచం మీద కూర్చుంది. తర్వాత బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, "పెద్దదాని ఇంటికి పోతానమ్మే" అంది.

"ఈడ ఏం తక్కువైంది అత్తా?"

"తక్కువేం లేదు. ఆడ తిరుగుతాండా. ఈడ కూచోనుండాల."

అంతే. కోపంగా అన్న మాట కాదు. అందుకే బాగా గుచ్చుకుంది. నేను చేసిన ఉగ్గాని, నేను తెచ్చిన చాప, నా గులాబీలు అన్నీ కలిసి ఒక సిమెంటు పట్టీకి సరిపోలేదు.

నేను ఊరుకోలేదు. గడ్డి పెరికించి, ఇంటి చుట్టూ రంగురంగుల టైల్స్ వేయించాను. పువ్వుల డిజైను, అంచుకు ఎర్ర గీత. లేఅవుట్లో అట్లాంటివి ఎవరికీ లేవు. అక్క వచ్చి నిలబడి చూసి, "బాగుండాయి మే, మెరుస్తాండాయి" అంది. ఆ మాటలో ఎక్కడైనా అసూయ దొరుకుతుందేమోనని ఎంత వెదికినా దొరకలేదు. దానికి కూడా నాకు ఒళ్లు మండింది.

మరుసటి ఏడు తొలి వానకే ఆ టైల్స్ మీద జారి పడింది నేనే. మడమ ఎముక చిట్లింది. మొదట పరిగెత్తుకొచ్చింది అక్కే. నాకు కట్టు విప్పేదాకా రెండిళ్ల వంటా ఆమే చేసింది. మా పాప కంచం ముందు కూర్చుని "పెద్దమ్మ చారు ఎంత బాగుందో" అంటుంటే, మంచం మీద పడుకుని నేను పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాను. తక్కువ కాలేదు.

కాలు బాగయ్యాక టైల్స్ తీయించి, అదే మేస్త్రీతో అలాంటి బాటే వేయించాను. చీపురు గీతలతో సహా. ఈలోగా లేఅవుట్లో ఇంకా చాలా ఇళ్లకు అట్లాంటి బాటలు వచ్చేశాయి. అందరూ పిలిచేది అక్కనే. "అక్కా, రేపు మా ఇంటి పక్క కాంక్రీటు పోస్తాండారు, ఒక్కసారి వచ్చి నిలబడు" అని గేటు దగ్గర పిలుపు వినపడేది. ఆమె లవంగం నోట్లో వేసుకుని పోయేది. నీళ్లు గోడ వైపు కాక బయటికి జారేటట్టు వాలు ఉందో లేదో చెంబుతో నీళ్లు పోసి చూసేది. మూలల దగ్గర ఇంకొంచెం వెడల్పు పెట్టమనేది. "ముసలోళ్లు మూల తిరిగేదానికి జాగా కావాలప్పా" అనేది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన అట్లా తన ఇంటి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. నా ఇంటి గేటు దగ్గర నన్నెవరూ అట్లా పిలవలేదు.

కవాటం సంగతి బయటపడింది ఆ తర్వాతే. ఆపరేషన్ చేయాలన్నారు, చేసినా పూచీ లేదన్నారు. అక్క ఇంటికొచ్చి మామూలుగా బియ్యం ఏరుకుంది. ఒక సాయంత్రం నన్ను వెనక మెట్ల మీద కూర్చోబెట్టుకుని, రెండిళ్ల నడుమ ఉన్న ప్రహరీని చూపించింది.

"ఈ గోడలో ఒక మనిషి పట్టేంత తీసేద్దాం మే. నీ బాట, నా బాట కలిసిపోతాయి."

"గేట్లు ఉండాయి కదక్కా."

"గేటు దాటితే రోడ్డు. ఆడ బండ్లొస్తాయి. అత్త లోపల్నే తిరగాల."

"మీ ఇంటి చుట్టూ తిరుగుతాంది కదా. చాల్లే ఆమెకు" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది.

అక్క నెమ్మదిగా చెప్పింది.

"నేనుండేదాకా చాలు. నేను ముందు పోతే ఆమె యాడికి పోవాల? నీ ఇంటికే కదా. అప్పుడు కొత్తగా నేర్చుకోమంటే ఆ కాళ్లు వింటాయా? ఇప్పుడే అలవాటు పడనీ."

"అట్ల మాట్లాడొద్దక్కా."

"మాట్లాడకుంటే పోకుండా ఉంటానా ఏంది? మేస్త్రీకి చెప్పినా. తొందర్లోనే వస్తాడు."

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. నేను ఇన్నేళ్లూ లాక్కోవాలని చూసిన మనిషిని, తను వెళ్లిపోతూ నా చేతిలో పెడుతోంది. పోటీలో గెలవడం సరే, గెలిచింది కూడా నాకే ఇచ్చేస్తానంటోంది. అట్లాంటి మనిషితో ఎట్లా పోటీ పడాలి? కొన్నాళ్లు ముభావంగా ఉన్నాను. ఆమె గమనించి కూడా గమనించనట్టు ఉండిపోయింది.

గోడ పగలగొట్టారు. రెండు బాటల మధ్య ఉన్న కొద్దిపాటి మట్టి మీద కాంక్రీటు పోశారు. అక్క అత్త వెనకే నడుస్తూ, "ఈడ మెట్టేం లేదత్తా, సమంగానే ఉంది, పో" అనేది. అత్త అప్పుడప్పుడు నా ఇంటి చుట్టూ కూడా తిరిగేది. అయితే నా ఇల్లు దాటేటప్పుడు ఆమె నడక కొంచెం తొందరగా ఉండేదేమో అని నాకు అనుమానం. నా అనుమానమే కావచ్చు.

అక్క పోయిన తీరు మా అత్తే చెప్పింది. నేను బస్సులో ఊహించుకున్నట్టు చెయ్యి పట్టుకుని ఏమీ లేదు. అక్క వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. అత్త తన మానాన తను తిరుగుతోంది. అత్త తన ముందు నుంచి పోయినప్పుడల్లా అక్క "ఊఁ" అనేది, ఇక్కడే ఉన్నానని తెలియడానికి.

"ఒకసారి ఊఁ అనలేదు. కునుకు పట్టిందేమోలే అనుకోని పోతి. మళ్లా వస్తే అప్పుడూ అనలేదు. చెయ్యి పెట్టి చూస్తి" అంది అత్త.

అక్కను సాగనంపడానికి లేఅవుట్లో అన్ని ఇళ్లవాళ్లూ వచ్చారు. పక్షవాతం వచ్చిన పెద్దాయన కర్ర పట్టుకుని, తన కాళ్ల మీద తను నడిచి వచ్చాడు. అంతమందిని చూసి, రేపు నేను పోతే వీళ్లలో ఎంతమంది వస్తారో అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. వేసుకుంటూనే ఏడ్చాను. ఇంత మంచి మనిషి పక్కన బతకడం సులభం కాదు. కానీ ఆమె పక్కన కాకుండా ఇంకెక్కడ బతికినా, నా ఇంటి చుట్టూ ఇప్పటికీ గడ్డి, గులాబీలే ఉండేవి.

దినాలు అయిపోయాక అత్త బట్టల సంచి నా ఇంటికి వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మరునాడు పొద్దున ఆమె నడవడానికి లేచింది. నేను రెండడుగుల వెనక నడిచాను, పట్టుకోలేదు. నా ఇల్లు చుట్టి, గోడ తీసేసిన చోటికి వచ్చి ఆగింది.

"ఇంక నువ్వు నిలబడు మే. నేనొక్కదాన్నే పోయొస్తా" అని అక్క బాట మీదికి దాటింది.

నేను ఇవతలే నిలబడిపోయాను. ఆమె కుడిచేయి గోడను రాసుకుంటూ పోతోంది. అప్పుడు చూశాను. అక్క ఇంటి సున్నం మీద, అత్త చెయ్యి ఆనే ఎత్తున, ఒక జిడ్డు చార మూల దాకా పోయి, మూల తిరిగి, కనపడకుండా అవతలికి పోయింది. నా గోడ ఇంకా తెల్లగానే ఉంది.