మఠం మాన్యంలో పిన్ని ఇల్లు

పాత శాసనాలు చదివి, ఒకప్పుడు మఠానికి దానమిచ్చిన పొలాలను కంప్యూటర్ మ్యాపులో గుర్తించడం నా పరిశోధన. ఈ ఉదయం విశాఖ సీతమ్మధారలో మా పక్కింటి పిన్నికి ఆ మ్యాపు గొప్పగా చూపించాను. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక బాబాయి ఊరి శివార్లలో కట్టించిన మరో ఇల్లు కూడా మఠం పొలంలోనే పడింది. పిన్ని ముఖం పాలిపోయింది.

"ఇది నెట్‌లో పెడితే, ఇల్లు మఠానిదని ఎవులైనా వత్తారేటమ్మా?"

"అది ఎనిమిది వందల ఏళ్ల నాటి మాట, పిన్నీ!"

"నీకు తెల్సు. సూసినోడికి తెలవాల కదా?"

రేపే ఆ మ్యాపును నెట్‌లో విడుదల చేయాలి. సాయంత్రం కూర్చుని ఇప్పటి ఇళ్లూ వీధులూ తీసేశాను. 'ఇది చరిత్ర, హక్కుపత్రం కాదు' అని పైనే రాశాను. అడిగినందుకు పిన్నికి వెయ్యి దణ్ణాలు.

మీ ఇల్లు ఒకప్పుడు ఎవరి మాన్యమో తెలుసుకోవాలని ఉందా, వద్దులే అనిపిస్తోందా?